స్టిల్ట్ అంతస్తు ఉన్న అపార్ట్‌మెంటుకు భూకంప విశ్లేషణ ఎలా చేయాలి

2001 జనవరి 26న భుజ్ ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూడా అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద గోడలు లేని పార్కింగ్ అంతస్తే, అంటే స్టిల్టే, ఉంది. మన పట్టణాల్లో నేడు లేస్తున్న భవనాల రూపమూ అదే కనుక, విజయవాడలో 15 మీటర్ల ఎత్తు, 12 మీటర్ల వెడల్పు గల అలాంటి భవనానికి భూకంపాలను తట్టుకునే డిజైనుకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 1893, 2016 కూర్పు ప్రకారం లెక్క చూద్దాం.

మొదట చేతి లెక్క వేయాలి. ఆ కూర్పులోని భూకంప ముప్పు పటంలో విజయవాడ మూడవ జోన్‌లో ఉంది కాబట్టి జోన్ గుణకం 0.16. ఎత్తును 0.09తో గుణించి, వెడల్పు వర్గమూలంతో భాగిస్తే డోలన కాలం, అంటే భవనం ఒకసారి అటూ ఇటూ ఊగడానికి పట్టే సమయం, 0.39 సెకన్లు వస్తుంది; దానికి స్పెక్ట్రమ్ విలువ, అంటే నేల కుదుపు భవనంలో ఎన్ని రెట్లవుతుందో చెప్పే సంఖ్య, ఏ నేలకైనా 2.5. సాధారణ నివాస భవనానికి ప్రాముఖ్య గుణకం 1, డక్టైల్ ఫ్రేముకు, అంటే విరగకుండా వంగి తట్టుకునేలా కట్టిన స్తంభాలు, దూలాల చట్రానికి, తగ్గింపు గుణకం 5. జోన్ గుణకంలో సగాన్ని 2.5తో గుణించి 5తో భాగిస్తే 0.04, అంటే 10,000 కిలోన్యూటన్ల బరువుకు 400 కిలోన్యూటన్ల బేస్ షియర్ (భవనం అడుగున పడే మొత్తం పక్క బలం). డక్టైల్ నిర్మాణ వివరాల ప్రమాణమైన ఐఎస్ 13920 చెప్పినట్లు స్తంభాల ఇనుప రింగుల కొక్కేలను 135 డిగ్రీలు వంచని చోట ఆ 5ను వాడే హక్కు మనకు లేదు.

డోలన కాలం 0.4 సెకన్ల లోపే ఉంది కనుక ఈ స్థిర పద్ధతి చాలుననిపిస్తుంది, కానీ ఆ సడలింపు క్రమమైన భవనాలకే వర్తిస్తుంది. స్టిల్ట్ వల్ల దృఢత్వం కింద ఒక్కసారిగా తగ్గుతుంది కాబట్టి భవనం ఊగే ఒక్కో తీరును విడిగా లెక్కించి కలిపే రెస్పాన్స్ స్పెక్ట్రమ్ విశ్లేషణ తప్పదు.

ఇక్కడ అసలు జాగ్రత్త మోడల్ తయారీలో ఉండాలి. పై అంతస్తుల ఇటుక గోడలను కేవలం బరువుగా ఎక్కిస్తే, సాఫ్ట్‌వేర్ అన్ని అంతస్తులనూ ఒకే దృఢత్వంతో చూస్తుంది, బలహీనత లెక్కలో కనపడకుండా పోతుంది. అందుకే ఆ గోడలను ఐమూల స్ట్రట్లుగా, అంటే ఫ్రేములో మూల నుంచి మూలకు వాలుగా ఉండే ఊత కడ్డీలుగా చూపి, స్టిల్ట్‌ను ఖాళీగా ఉంచి, పగుళ్ల ప్రభావానికి దూలాల జడత్వ భ్రామకాన్ని (వంగకుండా నిలిచే గుణానికి కొలతను) 35 శాతానికీ, స్తంభాలది 70 శాతానికీ తగ్గించాలి. రెండు దిశల్లోనూ 90 శాతం ద్రవ్యరాశి లెక్కలోకి వచ్చేంతవరకు మోడ్‌లు, అంటే భవనం ఊగే తీరులు, తీసుకోవాలి. వచ్చిన బేస్ షియర్ 400 కంటే తక్కువైతే ఆ నిష్పత్తిలో ఫలితాలను పెంచాలి. 3 మీటర్ల అంతస్తు పక్కకు జరగడం 12 మిల్లీమీటర్లు దాటకూడదు.

భూకంప కుదుపును క్షణక్షణానికి లెక్కించే టైమ్ హిస్టరీ విశ్లేషణ ఇంత చిన్న భవనానికి సాధారణంగా అక్కరలేదు.

స్టిల్ట్ దృఢత్వం పై అంతస్తులో 80 శాతాన్ని మించకపోతే స్తంభాలను లావు చేసి సరిపెట్టుకోకుండా, పునాది నుంచి పైకప్పు దాకా షియర్ గోడలు, అంటే పక్క బలాలను తట్టుకునే కాంక్రీటు గోడలు, ఇవ్వడం మేలని నా నమ్మకం. వాటిని లిఫ్టు పక్కనే ఒకచోట పోగు చేస్తే భవనం మెలితిరుగుతుంది. రెండు దిశల్లోనూ ఎదురెదురుగా అమర్చి, మారిన బరువుతో విశ్లేషణ మొత్తం మళ్లీ నడపాలి.