యుద్ధానంతర బ్రిటిష్ దాంపత్య హాస్య చిత్రాన్ని చూడవలసిన తీరు

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటన్‌లో తక్కువ ఖర్చుతో తీసిన దాంపత్య హాస్య చిత్రాలను మొదటిసారి చూసేవారు ముందుగా వాటి నిడివిని గమనించాలి. ఒకే టికెట్టుపై రెండు చిత్రాలు చూపించే ఆ రోజుల్లో ప్రధాన చిత్రానికి తోడుగా వేయడానికి తీసినవి కనుక, వీటిలో చాలా భాగం గంటా గంటంబావులో ముగుస్తాయి. థియేటర్లు స్వదేశీ చిత్రాలను నిర్ణీత శాతంలో ప్రదర్శించి తీరాలన్న నిబంధన 1927 చట్టంతో మొదలైంది; 1948లో ఆ వాటాను ప్రధాన చిత్రాలకు 45 శాతంగా, తోడు చిత్రాలకు 25 శాతంగా నిర్ణయించారు.

ఆ తరువాత తప్పక తెలుసుకోవలసింది అప్పటి విడాకుల చట్టం. అది తెలియకపోతే సగం హాస్యం అందదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1937 చట్టం వచ్చేవరకు వ్యభిచారమే దాదాపు ఏకైక కారణం. ఆ చట్టం క్రూరత్వాన్ని, మూడేళ్ల పరిత్యాగాన్ని, నయంకాని మతిభ్రమణాన్ని కూడా చేర్చింది. అయినా దంపతులిద్దరూ కూడబలుక్కుని విడిపోవడాన్ని న్యాయస్థానం ఒప్పుకునేది కాదు. కుమ్మక్కు బయటపడితే పిటిషన్ కొట్టివేసేవారు. అందువల్లనే భర్త పరాయి స్త్రీతో హోటల్ గదిలో ఉన్నట్లు నటించి, పనిమనిషి కంట పడేలా చూసుకునే పద్ధతి వాడుకలోకి వచ్చింది. కాబట్టి తెర మీద ఉదయపు టీ పళ్లెంతో తలుపు తట్టే అమ్మాయిని అలంకారప్రాయమైన పాత్రగా భావించకూడదు. ఆమె రేపు సాక్షి కాగలదు. తాత్కాలిక విడాకుల ఉత్తర్వు ఖరారయ్యేందుకు 1946 నుంచి ఆరు వారాల వ్యవధి ఉండేది. భార్యాభర్తలు మనసు మార్చుకునే కథకు ఇంతకన్నా అనువైన గడువు దొరకదు.

రెండవసారి చూసేటప్పుడు తలుపులపై దృష్టి నిలపండి. సెట్లు వేయడానికి డబ్బు చాలనందున కథంతా తరచు ఒక హాలులోనే నడుస్తుంది. ఎవరు ఏ తలుపులోంచి వచ్చారు, ఆ క్షణానికి వారికి ఏమి తెలుసు అన్నది కాగితంపై రాసుకుంటే రచయిత పనితనం స్పష్టమవుతుంది. ఒక్క మాటతో తీరిపోయే అపార్థాన్ని పాత్రలు ఎందుకు తీర్చుకోవడం లేదని ప్రతి సన్నివేశంలోనూ ప్రశ్నించండి. అభిమానమో, సిగ్గో, గదిలో మూడో మనిషి ఉండటమో కారణంగా కనిపిస్తే అది మంచి రచన. కేవలం టెలిఫోన్ తెగిపోవడం మీదనే ఆధారపడితే బలహీనమైనదని నా అభిప్రాయం. ఇళ్ల కొరత వల్ల ఎందరో కొత్త దంపతులు తల్లిదండ్రుల ఇళ్లలోనే ఉండవలసి వచ్చిన కాలమది కనుక, అత్తగారి పాత్రను కూడా ఆ దృష్టితోనే చూడాలి.