పాప్ స్మియర్ మేలా, హెచ్‌పీవీ టెస్ట్ మేలా? తేల్చే ముందు ఈ లెక్క వేయండి

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ పద్ధతుల్ని పోల్చేటప్పుడు చాలామంది ముందు సెన్సిటివిటీ (జబ్బు ఉన్నవాళ్లలో ఎంతమందిని పట్టుకుంటుంది) అంకె చూసి, ఎక్కువున్నదే గెలిచిందంటారు. అక్కడే బోల్తా పడతాం.

ముందు ఏ టెస్ట్ దేన్ని వెతుకుతోందో చూడండి. పాప్ స్మియర్‌లో కణాలను స్లైడ్ మీద పూసి మైక్రోస్కోప్‌లో చూస్తారు, అంటే అప్పటికే రూపం మారిన కణాలే దొరుకుతాయి. లిక్విడ్ బేస్డ్ సైటాలజీలోనూ (సైటాలజీ అంటే కణాల పరీక్షే) చూసేది కణాలనే, కాకపోతే శాంపిల్‌ని ద్రవంలో వేస్తారు కాబట్టి రక్తం, జిగురు అడ్డు తగ్గి పనికిరాని స్లైడ్లు తక్కువ వస్తాయి. అంతేగానీ కేసులు బాగా ఎక్కువ పట్టేస్తుందనుకోకండి. హెచ్‌పీవీ డీఎన్‌ఏ టెస్ట్ సంగతి వేరు, అది వెతికేది ఈ క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్‌ని. చిన్న వయసులో ఈ వైరస్ వచ్చి చాలామందిలో దానంతటదే పోతుంది. అందుకే 30 దాటనివాళ్లలో పాజిటివ్‌లు కుప్పలుగా వస్తాయి, వాటిలో చాలావరకు వట్టి టెన్షనే.

ఇక లెక్క. 1000 మందిలో 20 మందికి చికిత్స చేయాల్సినంత మార్పులు ఉన్నాయనుకుందాం. కణాల టెస్ట్‌కి సెన్సిటివిటీ 50 శాతం, స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లలో ఎంతమందికి సరిగ్గా నెగటివ్ చెబుతుంది) 97 అనుకుంటే, 10 మంది దొరుకుతారు, 10 మంది జారిపోతారు, ఏమీ లేని 29 మంది భయపడతారు. వైరస్ టెస్ట్‌కి 95, 90 అనుకుంటే 19 మంది దొరుకుతారు, ఒక్కరే జారిపోతారు, కానీ అనవసరంగా భయపడేవాళ్లు 98 మంది. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవే. మీరు చదివే అధ్యయనంలోని అంకెలు పెట్టి ఇలాగే వేసి చూడండి, శాతాల్లో కనపడని మనుషులు కనపడతారు.

అసలు ఆ సెన్సిటివిటీ ఎలా వచ్చిందో కూడా అడగాలి. పాజిటివ్ వచ్చినవాళ్లకే కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చూడటం), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేసి నెగటివ్ వాళ్లను వదిలేస్తే, జారిపోయినవాళ్లు ఎవరికీ తెలియరు, టెస్ట్ ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. నెగటివ్‌లలో కొందరినైనా చీటీలు తీసినట్టు ఎంచి పరీక్షించారా? బయాప్సీ చదివినవాళ్లకు టెస్ట్ ఫలితం ముందే తెలియకుండా చూశారా? ఈ రెండూ లేని పోలికను నేనైతే పక్కన పెట్టేస్తాను. రెండు టెస్టులకూ శాంపిల్ ఒకే మనిషి నుంచి, వీలైతే ఒకే సీసా నుంచి తీసుకుంటే ఇంకా నయం.

నెగటివ్ మాట ఎన్నాళ్లు నిలుస్తుందన్నదీ చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో హెచ్‌పీవీ డీఎన్‌ఏ టెస్ట్‌కే మొగ్గు చూపింది: సాధారణంగా 30 ఏళ్ల నుంచి, 5 నుంచి 10 ఏళ్లకోసారి. కణాల టెస్ట్ అయితే 3 ఏళ్లకోసారి. పైగా వైరస్ టెస్ట్‌కి శాంపిల్ ఎవరికివారే తీసుకోవచ్చు, పాప్‌కి అది కుదరదు.

మరి ఆ 98 మంది? వాళ్లందరినీ నేరుగా కాల్పోస్కోపీకి పంపక్కర్లేదు. వైరస్‌లో ఎక్కువ ప్రమాదకరమైన 16, 18 రకాలున్నాయేమో చూసి, ఉన్నవాళ్లను కాల్పోస్కోపీకి పంపి, మిగతావాళ్లకు సైటాలజీ చేసి వడగడతారు. కాబట్టి ఒక్క టెస్ట్‌ని ఒక్క టెస్ట్‌తో కాకుండా, ఈ రెండో మెట్టు కూడా కలిపి మొత్తం దారిని పోల్చండి.