గుల్ల సున్నం ఉత్ప్రేరకం: తరువాతి ప్రయోగాన్ని కృత్రిమ మేధతో ఎంచుకునే విధానం

మైపాడు, కొత్తపట్నం తీరాల్లో ఏరిన గుల్లలను కడిగి, ఎండబెట్టి, పొడి చేసి 800 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలిస్తే, వాటిలోని కాల్షియం కార్బనేట్ బొగ్గుపులుసు వాయువును వదిలి కాల్షియం ఆక్సైడ్‌గా, అంటే సున్నంగా మారుతుంది. వాడేసిన వంటనూనెను మిథనాల్‌తో కలిపి బయోడీజిల్ చేయడానికి ఇది చవకైన ఘన ఉత్ప్రేరకం, అంటే చర్యను వేగవంతం చేసే పదార్థం. అయితే కాల్చే ఉష్ణోగ్రత, మిథనాల్ నిష్పత్తి, సున్నం మోతాదు, చర్యాకాలం అనే నాలుగింటికీ అయిదేసి విలువలు తీసుకుంటే 625 ప్రయోగాలవుతాయి. రోజుకొకటి చేసినా ఏడాదిన్నర దాటుతుంది. కృత్రిమ మేధ అక్కరకు వచ్చేది ఇక్కడే: చేసిన కొద్ది ప్రయోగాల నుంచి నేర్చుకునే కంప్యూటర్ నమూనా (మోడల్) తరువాత ఏది చేయాలో సూచిస్తుంది.

2020లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ పరిశోధకులు కలిసి విడుదల చేసిన ఓపెన్ కెటలిస్ట్ దత్తాంశంలో ఉత్ప్రేరకాల ఉపరితలాలపై అణువులు ఎలా ప్రవర్తిస్తాయో లెక్కకట్టే క్వాంటం గణనలు పన్నెండు లక్షలకు పైగా ఉన్నాయి. అది గొప్ప వనరే కాని, ఒంగోలులోనో నెల్లూరులోనో ఒక పీజీ ప్రయోగశాల దానితో మొదలుపెట్టనక్కర లేదు. మన సమస్యకు సొంత నోటుపుస్తకమే మేలు.

మొదట, విలువలు ఒకేచోట గుమిగూడకుండా హద్దులంతటా చెదిరేలా పన్నెండు, పదిహేను ప్రయోగాలు చేయాలి. బయోడీజిల్ దిగుబడి రాని ప్రయోగాన్ని కొట్టివేయకూడదు, ఎందుకంటే ఎటు వెళ్లకూడదో నమూనాకు నేర్పేది అదే. ప్రతి వరుసలో నూనె ఆమ్లవిలువను, అంటే అందులోని స్వేచ్ఛా ఆమ్లాల కొలతను తప్పక రాయాలి. బజ్జీల బండి నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు ఎక్కువైతే సబ్బు తయారై దిగుబడి పడిపోతుంది. ఆ సంగతి నమోదు కాకపోతే నూనె చేసిన తప్పును నమూనా సున్నానికి అంటగడుతుంది. కాల్చి ఎన్ని గంటలైందో కూడా రాయాలి. మన తీరపు గాలిలోని తేమను, బొగ్గుపులుసు వాయువును కాల్షియం ఆక్సైడ్ ఇట్టే పీల్చుకుంటుంది కనుక దాన్ని డెసికేటర్‌లోనే (తేమ చేరనివ్వని మూతపాత్రలోనే) ఉంచాలి.

తరువాత, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఉచితంగా దొరికే సైకిట్-లెర్న్ అనే సాఫ్ట్‌వేర్‌తో గాసియన్ ప్రాసెస్ అనే రకం నమూనాను తయారుచేయాలి. ఇది దిగుబడి అంచనాతో పాటు ఆ అంచనా ఎంత అనిశ్చితమో కూడా చెబుతుంది. అంచనా ఎక్కువగా ఉన్నచోటే కాక, అనిశ్చితి ఎక్కువగా ఉన్నచోట కూడా పరీక్షించాలి. ఒక్కో విడతకు మూడు నాలుగు ప్రయోగాలు చేసి, ఫలితాలను చేర్చి, నమూనాకు మళ్లీ శిక్షణ ఇవ్వాలి. ఒకే ప్రయోగాన్ని మూడుసార్లు చేసినప్పుడు వచ్చే తేడా కంటే నమూనా ఆశపెట్టే మెరుగుదల చిన్నదైతే ఆపేయవచ్చు. మిథనాల్ విషపూరితం, పైగా సులభంగా అంటుకుంటుంది. 65 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కనుక, నమూనా ఏమి సూచించినా చర్య జరిపే ఉష్ణోగ్రత ఆ హద్దు దాటకుండా ముందే కట్టడి పెట్టాలి.

చివరగా చర్య సగంలో ఉండగా సున్నాన్ని వేడిగానే వడకట్టి, మిగిలిన ద్రవాన్ని అలాగే కొనసాగించి చూడాలి. అప్పటికీ బయోడీజిల్ పెరుగుతుంటే కాల్షియం కరిగి ద్రవంలోకి దిగుతున్నట్లే. అలాంటప్పుడు మొదటి వాడకంలోని దిగుబడిని కాక, అదే సున్నాన్ని మూడోసారి వాడినప్పుడు వచ్చే దిగుబడిని నమూనాకు లక్ష్యంగా ఇచ్చి వెతుకులాటను మళ్లీ ప్రారంభించాలి.