ఊదనంటే కేసు పోదు, లైసెన్సు పోతుంది: డిసెంబర్ 31 ముందు జాగ్రత్తలు

డిసెంబరు వచ్చిందంటే చాలు, డ్రంక్ అండ్ డ్రైవ్ చెకింగ్ దగ్గర "నేనెందుకు ఊదాలి?" అంటూ కానిస్టేబుల్ మీదికెళ్ళే వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతాయి. వాటితోపాటే ఓ ఉచిత సలహా: ఊదకపోతే రీడింగ్ రాదు, రీడింగ్ లేకపోతే కేసు లేదు. తాగి బండి నడపకూడదని ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కొంపలు ముంచుతున్నది ఈ సలహా.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 203 చూడండి. యూనిఫాంలో ఉన్న పోలీసు అనుమానంతో ఊదమన్నప్పుడు కాదంటే, వారెంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు. స్టేషన్‌లో ఊదడానికి ఇంకో అవకాశం ఇస్తారు. అక్కడా మొండికేస్తే 204 కింద డాక్టరుతో రక్తం తీయిస్తారు. అసలు దెబ్బ 205లో ఉంది: సరైన కారణం లేకుండా నిరాకరిస్తే, ఆ నిరాకరణనే కోర్టు మీకు వ్యతిరేకంగా లెక్కలోకి తీసుకోవచ్చు. గొట్టం నోట్లో పెట్టుకుని ముక్కుతో గాలి వదలడం, సగం ఊది దగ్గడం లాంటి తెలివితేటలూ ఊదనట్టే.

పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. ఇరవై రెండు వచ్చినవాడు స్లిప్పు చూసుకుని ఇంటికెళ్తాడు. ఊదనన్నవాడు అంతే తాగినా, చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

లైసెన్సుకు రెండు వైపుల నుంచి ముప్పు. పోలీసులు 206 కింద దాన్ని తీసుకుని ఆర్టీఏకు (లైసెన్సులిచ్చే రవాణా ఆఫీసుకు) పంపుతారు. అక్కడ మీ వాదన విన్నాక మొదటిసారైతే 3 నెలలు ఆపొచ్చు, రెండోసారైతే రద్దు చేయొచ్చు. ఇది కాక, తాగి నడిపినందుకు 185 కింద శిక్ష పడితే కోర్టు కనీసం 6 నెలలు అనర్హత వేయాలి. మొదటి నేరానికి 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. లైసెన్సులో పాత అద్దింటి అడ్రసే ఉంటే ఆర్టీఏ నోటీసు అక్కడికే పోతుంది. ముందే మార్పించుకోండి. ఆర్టీఏ ఆర్డరు మీద అప్పీలుకు గడువు 30 రోజులే.

"ఒక్క పెగ్గే కదా" అనేవాళ్ళకు లెక్క: 60 మిల్లీలీటర్ల విస్కీలో దాదాపు 20 గ్రాముల ఆల్కహాలు. 70 కిలోల మనిషికి అదే 30 దాటించగలదు. 650 బీరు సీసా అయితే ఇంకా పైకి. దిగేది గంటకు సుమారు 15 మిల్లీగ్రాములు. రాత్రి ఒంటిగంట దాకా నాలుగు లార్జ్‌లు వేసి పొద్దున ఆరింటికి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు కారు తీసినవాడు ఇంకా గీత పైనే ఉండొచ్చు. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ ఏవీ దాన్ని దించవు.

ఇక ఆపినప్పుడు:

ఇంజన్ ఆపి దిగండి.

ఊదండి.

కొత్త గొట్టం అడగండి, ఇవ్వాలి.

మౌత్‌వాష్, దగ్గు సిరప్, హోమియో చుక్కలు వాడి ఉంటే ఊదకముందే చెప్పండి. నోట్లో మిగిలిన ఆల్కహాలే రీడింగ్ పెంచుతుంది. పుక్కిలించి, 15 నిమిషాలాగి ఊదుతామని అడగండి.

ఆస్తమా ఉండి ఊదలేకపోతే "ఊదను" అనకండి. "ఊదలేను, రక్తం తీసుకోండి" అనండి. చట్టం ముందు ఆ రెండు మాటలూ ఒకటి కావు.

రీడింగ్ నమ్మకపోయినా ముందు ఊదండి, తర్వాత రక్త పరీక్ష అడగండి.

మహిళ రక్తాన్ని మగ డాక్టరు తీస్తే పక్కన మరో మహిళ ఉండాల్సిందే.

చెక్‌పోస్టు కనపడగానే సీటు మారొద్దు.

గల్లీలోకి పరిగెత్తొద్దు. నంబరు ప్లేటు అక్కడే ఉంటుంది.

"మా అన్న లైన్లో ఉన్నాడు, మాట్లాడండి" అని ఫోను చాచొద్దు.

చెయ్యి అసలే వేయొద్దు. పోలీసును నెడితే భారతీయ న్యాయ సంహిత 132, రెండేళ్ళ దాకా జైలు. పదివేల జరిమానాతో పోగలిగేదానికి ఇంకో క్రిమినల్ కేసు తోడవుతుంది.

తాగని మనిషి, లైసెన్సు ఉన్నవాడు పక్కనుంటే బండి అతనికి ఇవ్వమని అడగండి. లేకుంటే ఇంట్లోవాళ్ళను పిలవండి. తెలంగాణ హైకోర్టు 2021లో ఈ మేరకే చెప్పింది.

స్లిప్పులో పేరు, టైము, అంకె చూశాకే సంతకం.

లైసెన్సు ఆగి ఉండగా బండి తీయొద్దు, పక్క వీధిలోని కిరాణా కొట్టుకైనా సరే. 182 కింద ఇంకో 10,000, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ.

కోర్టు తేదీ తప్పొద్దు. తప్పితే వారెంటు.