కేంద్రక సమీకరణాలు రాయడం – 3వ పాఠం: 17 పరమాణువులతో దొరికిన మూలకం

గత పాఠంలో యురేనియం ఆల్ఫా క్షయాన్ని తుల్యం చేశాం. అక్కడ కేంద్రకం తనంతట తానే విడిపోయింది. ఈసారి రెండు కేంద్రకాలను ఢీకొట్టించి కొత్తదాన్ని పుట్టిద్దాం. నియమం పాతదే: బాణానికి రెండువైపులా ద్రవ్యరాశి సంఖ్యల (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపిన లెక్క, మూలకం పేరు పక్కన రాసే అంకె) మొత్తం ఒకటే కావాలి, పరమాణు సంఖ్యల (ప్రోటాన్ల లెక్క) మొత్తం కూడా ఒకటే కావాలి.

1955లో అమెరికాలోని బర్క్‌లీలో గియోర్సో, హార్వే, చోపిన్, థాంప్సన్, సీబోర్గ్ కలిసి ఐన్‌స్టీనియం-253 మీదికి సైక్లోట్రాన్‌తో (కణాల వేగాన్ని పెంచే యంత్రంతో) ఆల్ఫా కణాలను, అంటే హీలియం కేంద్రకాలను, ప్రయోగించారు. ముందు ఐన్‌స్టీనియం, ఆల్ఫా కణాల పరమాణు సంఖ్యలు కూడండి: 99 + 2 = 101. అదే కొత్త మూలకం, మెండలీవియం. తర్వాత ద్రవ్యరాశి సంఖ్యలు: 253 + 4 = 257. ఢీకొన్నప్పుడు అందిన అదనపు శక్తితో కేంద్రకం ఒక న్యూట్రాన్‌ను వదిలేస్తుంది కాబట్టి మిగిలేది 256.

ఐన్‌స్టీనియం-253 + ఆల్ఫా → మెండలీవియం-256 + న్యూట్రాన్

కాగితం మీద ఇది ఒక్క వరుస. వాళ్ల చేతిలో ఉన్న ఐన్‌స్టీనియం మాత్రం సుమారు వంద కోట్ల పరమాణువులే. అంటే కంటికి కనిపించదు, ఏ త్రాసుకూ అందదు. పైగా దాని అర్ధజీవిత కాలం (ఉన్న పరమాణువుల్లో సగం క్షయమయ్యే సమయం) 20 రోజులు. అందుకే దాన్ని బంగారు రేకు వెనక పలుచగా పూశారు. ఆల్ఫా తాకిడికి పుట్టిన కొత్త పరమాణువు అక్కడినుంచి ఎగిరి, ఎదుటి బంగారు రేకులో చిక్కుకుంటుంది. ఆ రెండో రేకును కరిగించి పరీక్షిస్తే చాలు, ఐన్‌స్టీనియం పూత మరో ప్రయోగానికి మిగిలే ఉంటుంది. ఈ ఆవిష్కరణలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఈ పొదుపే. అన్ని ప్రయోగాల్లో కలిపి వాళ్లు గుర్తించినవి 17 పరమాణువులు!

ఎలా గుర్తించారో రెండో సమీకరణం చెబుతుంది. మెండలీవియం-256 అర్ధజీవిత కాలం దాదాపు 77 నిమిషాలు. చాలావరకు అది తన ఎలక్ట్రాన్లలో ఒకదాన్ని కేంద్రకంలోకి లాక్కుంటుంది. ఎలక్ట్రాన్‌కు ద్రవ్యరాశి సంఖ్య 0, కింద రాసే అంకె –1.

మెండలీవియం-256 + ఎలక్ట్రాన్ → ఫెర్మియం-256

101 – 1 = 100. ఇక్కడ 256ను కూడా తగ్గించకండి. ఒక ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారింది, కేంద్రకంలోని కణాల సంఖ్య తగ్గలేదు. ఆ ఫెర్మియం తనంతట తానే రెండుగా చీలినప్పుడు పరికరంలో నమోదైన సంకేతాలనే శాస్త్రవేత్తలు లెక్కపెట్టారు.

మెండలీవియాన్ని కంటికి కనిపించే లోహంగా ఇంతవరకూ ఎవరూ తయారుచేయలేదు. ద్రావణంలో +3, +2 ఆక్సీకరణ స్థితుల్లో ఉంటుంది. దాని ఐసోటోపుల్లో (ద్రవ్యరాశి సంఖ్య వేరుగా ఉండే రూపాల్లో) ఎక్కువకాలం నిలిచేది మెండలీవియం-258, దాని అర్ధజీవిత కాలం సుమారు 51 రోజులు.

అభ్యాసం: క్యూరియం-242 (పరమాణు సంఖ్య 96) మీద ఆల్ఫా కణం పడి ఒక న్యూట్రాన్ వెలువడితే ఏ మూలకం, ఏ ఐసోటోపు వస్తుంది? క్యూరియం-246, కార్బన్-12 కలిసి 102వ మూలకమైన నోబెలియం-254 ఏర్పడితే ఎన్ని న్యూట్రాన్లు బయటికి వస్తాయి? జవాబులు 4వ పాఠం మొదట్లో ఇస్తాను.