కరెంటు పోయినా అడ్రస్ పోకుండా

ఐటూపీ (I2P) అనే, ఎవరు ఎక్కడున్నారో బయటపడనివ్వని నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే చిన్న టూల్ రాస్తున్నాను. హన్మకొండలో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కరీంనగర్‌లో ఉన్న మా బావమరిదికి నా కంప్యూటర్ దొరికేది కాదు. "బావా, మళ్ల మాయమైనవ్" అని ఫోన్.

మన ప్రోగ్రామ్‌ను ఐటూపీతో కలిపేది శామ్ (SAM). కరెంటు వచ్చాక దాని సెషన్‌ను మళ్లీ ట్రాన్సియెంట్‌గా, అంటే తాత్కాలికంగా తెరిస్తే ప్రతిసారీ కొత్త కీ, దాంతో కొత్త అడ్రస్ వస్తుంది. అందుకే శామ్ ఉండే 7656 పోర్టుకు డెస్ట్ జనరేట్ (DEST GENERATE) అనే, కొత్త అడ్రస్ తయారుచేసే ఆదేశం పంపి, వచ్చిన ప్రైవేట్ కీని ఫైల్లో దాచాను. ఇప్పుడు ఏ సెషన్‌కైనా అదే ఇస్తున్నాను. ఆ ఆదేశంలోనే సిగ్నేచర్ టైప్ 7 (Ed25519 అనే డిజిటల్ సంతకం రకం) అని తప్పక చెప్పాలి, లేదంటే పాత డీఎస్ఏ రకం వస్తుంది. కీ ఉన్న ఆ ఫైల్ ఎవరి చేతిలో పడితే నెట్‌వర్క్‌లో వాళ్లే మీరు, జాగ్రత్త.

స్పీడ్ సంగతి అడగొద్దు. డేటా మామూలుగా నా వైపు 3, వాడి వైపు 3 వేరేవాళ్ల కంప్యూటర్లు దాటాలి. ఫైల్ ముక్కలు ఒక్కొక్కటిగా కాక నాలుగైదు ఒకేసారి అడిగితే కొంత నయం.