పోకర్ టోర్నమెంట్‌లో ఆల్-ఇన్ ఎదురైతే లెక్క ఎలా వేయాలి

ఎదుటి ఆటగాడు ఆల్-ఇన్ కొట్టగానే, అంటే తన చిప్స్ అన్నీ పందెం పెట్టగానే, చాలామంది మొదట తమ కార్డులు చూసుకుంటారు. తప్పు అక్కడే మొదలవుతుంది. ఒక టేబుల్ మీద పాకెట్ జాక్స్ (చేతిలో రెండు జాక్‌లు) ఆలోచించకుండా కాల్ చేయాల్సిన (ఆ పందేనికి సరిపడా వేయాల్సిన) హ్యాండ్, ఇంకో టేబుల్ మీద అవే జాక్స్ వదిలేయాల్సిన హ్యాండ్. తేడా తెచ్చేవి మూడు: కాల్‌కి ఎంత పడుతుంది, అవతలి ఆటగాడు ఏయే కార్డులతో ఇలా కొడతాడు, ఈ చిప్స్ పోతే ప్రైజ్‌లో మన వాటా ఎంత తగ్గుతుంది. ఈ వరసలోనే చూసుకోవాలి.

ముందు ధర

బ్లైండ్స్ (స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్ స్థానాల్లోని ఇద్దరు ముందే తప్పనిసరిగా వేసే పందేలు) 500/1,000, బిగ్ బ్లైండ్ యాంటీ (బిగ్ బ్లైండ్ అందరి తరఫునా అదనంగా వేసేది) 1,000. బటన్ (డీలర్ స్థానం) మీది ఆటగాడు తన 10,000 మొత్తం పెట్టేశాడు, స్మాల్ బ్లైండ్ ఫోల్డ్ అయింది (కార్డులు వదిలేసింది), బిగ్ బ్లైండ్‌లో మీరున్నారు, మీ స్టాక్ (మీ దగ్గరున్న చిప్స్) అతనికంటే పెద్దది. పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) ఇప్పుడున్నది 10,000, 500, 1,000, 1,000 కలిపి 12,500. మీరు ఇంకా వేయాల్సింది 9,000. కాల్ చేశాక పాట్ 21,500 అవుతుంది. 9,000ని 21,500తో భాగిస్తే దాదాపు 42 శాతం. అంటే వందకి 42 సార్లు గెలిస్తే చిప్స్ లెక్కలో నష్టం లేదు.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. మొదటిది, 9,000ని ఇప్పుడున్న 12,500తో భాగించడం. అలా చేస్తే 72 శాతం వస్తుంది, మంచి కాల్స్ అన్నీ చేజారిపోతాయి. రెండోది, ముందే వేసిన 1,000 బ్లైండ్ ఇంకా మనదే అనుకోవడం. అది పాట్‌ది. అవతలి స్టాక్ 40,000, మీది 12,000 అయితే మాత్రం లెక్క మీ 12,000 మీదే నడవాలి. మిగతాది అతనికే తిరిగి వెళ్తుంది.

తర్వాత రేంజ్

అవతలివాడి దగ్గర ఫలానా హ్యాండే ఉందని ఊహించి లాభం లేదు. అతను కొట్టగల హ్యాండ్స్ అన్నిటినీ, అంటే అతని రేంజ్‌ని, కాంబినేషన్లుగా లెక్కపెట్టాలి. ఏ పాకెట్ జతకైనా 6 కాంబినేషన్లు. ఏస్-కింగ్ లాంటి జత కాని హ్యాండ్‌కి 16, వాటిలో 4 సూటెడ్ (రెండూ ఒకే గుర్తువి), 12 ఆఫ్‌సూట్ (వేర్వేరు గుర్తులవి).

మీ చేతిలో జాక్స్ ఉన్నాయి. అవతలివాడు క్వీన్స్, కింగ్స్, ఏసెస్, ఏస్-కింగ్ తప్ప ఇంకేదీ కొట్టడనుకోండి. బటన్ నుంచి 10 బిగ్ బ్లైండ్స్‌తో (ఇక్కడ 10,000 చిప్స్‌తో) అంత బిగుతుగా ఆడేవాళ్లు తక్కువే, కానీ కింది హద్దు ఎక్కడుందో దీంతో తెలుస్తుంది. పెద్ద జతలు 18 కాంబినేషన్లు, వాటి మీద జాక్స్ గెలిచే అవకాశం 18-19 శాతం. ఏస్-కింగ్ 16, వాటి మీద దాదాపు 56 శాతం. కలిపి సగటు తీస్తే 36. కావాల్సింది 42 కాబట్టి ఫోల్డ్.

ఇప్పుడు అదే రేంజ్‌లోకి టెన్స్, నైన్స్, ఏస్-క్వీన్ చేర్చండి. టెన్స్, నైన్స్ 12 కాంబినేషన్లు, వాటి మీద జాక్స్‌కి 81 శాతం పైనే. ఏస్-క్వీన్ 16, దాదాపు 56 శాతం. మొత్తం 62 కాంబినేషన్ల మీద సగటు 50కి చేరుతుంది. ఇప్పుడది సులువైన కాల్. మన కార్డులు మారలేదు, అవతలి రేంజ్‌లో మూడు హ్యాండ్స్ పెరిగాయంతే. అందుకే ఎవరు ఏ పొజిషన్ నుంచి ఎన్ని బిగ్ బ్లైండ్స్‌తో కొడుతున్నారో, షోడౌన్‌లో (చివర కార్డులు తెరిచినప్పుడు) ఏం చూపిస్తున్నారో ఆట మొదటినుంచీ గమనించాలి. ఆల్-ఇన్ పడ్డాక గుర్తు చేసుకుందామంటే కుదరదు.

ప్రైజ్ లెక్క: ఎక్కువమంది మునిగేది ఇక్కడే

టోర్నమెంట్‌లో గెలిచిన చిప్ విలువ, పోగొట్టుకున్న చిప్ విలువ కంటే తక్కువ. స్టాక్ రెట్టింపైనంత మాత్రాన ప్రైజ్ వాటా రెట్టింపు కాదు. ఈ తేడాని కొలిచే పద్ధతే ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్).

నలుగురు మిగిలారు, ముగ్గురికే ప్రైజ్, అది 50, 30, 20 శాతాలుగా పంచుతారు. అందరికీ సమానంగా 2,500 చిప్స్. బ్లైండ్స్ పక్కన పెడితే ఒక్కొక్కరి వాటా 25 శాతం. ఒకరు ఆల్-ఇన్ కొట్టారు, మీరు కాల్ చేసి గెలిచారు. మీకు 5,000, మిగతా ఇద్దరికీ చెరో 2,500. మీరు మొదటి స్థానంలో నిలిచే అవకాశం 1/2, రెండో స్థానం 1/3, మూడో స్థానం 1/6. ప్రైజ్‌లో వాటా 25 + 10 + 3.33, అంటే 38.33 శాతం. ఓడితే సున్నా. కాబట్టి కాల్‌కి కావాల్సిన గెలుపు శాతం 25ని 38.33తో భాగిస్తే వచ్చేది: 65.

చిప్స్ లెక్కలో 50 సరిపోయే చోట 65 కావాలి. అవతలివాడు కార్డులు చూడకుండా కొట్టినా సరే, ఆఫ్‌సూట్ ఏస్-కింగ్‌కి ఉన్నది 65 శాతమే. అంటే అక్కడ ఏస్-కింగ్ కాల్ కూడా అంచు మీద ఉన్నట్టే. ఇది మింగుడుపడదు, అయినా నిజం.

ఈ అదనపు భారం అందరి మీదా ఒకేలా పడదు. అందరికంటే ఎక్కువగా పడేది, ఒకటి రెండు బిగ్ బ్లైండ్స్‌తో ఎవరో కొట్టుమిట్టాడుతుండగా పెద్ద స్టాక్‌తో తలపడబోయే మధ్య స్టాక్ మీద. ఆ చిన్న స్టాక్ పోయేదాకా ఆగడమే మేలు. అవతలివాడి కంటే మీ స్టాక్ పెద్దదైతే ఓడినా బతుకుతారు, అందుకని భారం తగ్గుతుంది. టోర్నమెంట్ మొదట్లో అది చాలా స్వల్పం, పాట్ లెక్కతో పని జరిగిపోతుంది. గెలిచినవాళ్లందరికీ సమానంగా తలా ఒక సీటు (పెద్ద టోర్నమెంట్‌లోకి ప్రవేశం) ఇచ్చే శాటిలైట్‌లో మాత్రం పాకెట్ ఏసెస్‌ని కూడా వదిలేయాల్సిన సందర్భాలు నిజంగానే వస్తాయి.

మీరే కొట్టేటప్పుడు

కాల్ చేసేవాళ్లు గెలిచే దారి ఒక్కటే, కొట్టేవాళ్లకి రెండు. అవతలివాళ్లు ఫోల్డ్ చేసినా పాట్ మీదే. అదే బ్లైండ్స్‌లో బటన్ నుంచి మీరు 10,000తో ఆల్-ఇన్ వెళ్లారు. ఇద్దరూ ఫోల్డ్ చేస్తే లాభం 2,500. బిగ్ బ్లైండ్ కాల్ చేసి, మీ గెలుపు శాతం 35 అయితే, 21,500లో మీ వాటా 7,525, సగటు నష్టం 2,475. ఇద్దరూ కలిసి వందకి 60 సార్లు ఫోల్డ్ చేస్తే సగటున 510 చిప్స్ లాభం. 40 సార్లే అయితే 485 నష్టం. సగానికి సగం ఫోల్డ్ అయితే లెక్క దాదాపు సరిపోతుంది.

కాబట్టి కొట్టేముందు బ్లైండ్స్‌లో ఎవరున్నారో చూడండి. దేన్నీ వదలని ఆటగాడున్నా, పోయినా లెక్కలేనంత పెద్ద స్టాక్ ఉన్నా, లేదా 3 బిగ్ బ్లైండ్స్‌తో ఎటూ ఫోల్డ్ చేయలేని స్థితిలో ఎవరైనా ఉన్నా ఆ 60 శాతం రాదు. అప్పుడు 8-7 సూటెడ్ లాంటివి వదిలి, కాల్ పడినా నిలబడే ఏస్‌లు, జతలతోనే వెళ్లాలి.